అల్లుడి చెవులు

అల్లుడి రెండు చెవులకూ ఏవో అంటించి ఉన్నాయని నేను గమనించింది సింగపూర్‌లో దిగిన మొదటి సాయంత్రమే. కందిగింజంత ప్లాస్టర్ ముక్కలు, ఒంటి రంగులో కలిసిపోయేవి. మామూలు మనిషైతే చూసేవాడు కాదు. నేను ఎక్సైజ్ శాఖలో కానిస్టేబుళ్ళ వెంట పరిగెత్తి, ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. లారీ టైర్లలో సారా, పెళ్ళివారి వ్యానులో బూరెల గంప కింద సారా, కొబ్బరిబోండాల్లోకి సూదితో ఎక్కించిన సారా, అన్నీ పట్టుకున్నవాణ్ణి. మద్యనిషేధం రోజుల్లో మా జిల్లాలో ఎవడు నవ్వుతూ నమస్కారం పెట్టినా ముందు వాడి సైకిలు సంచీ చూసేవాణ్ణి. ఉద్యోగం పోయింది కానీ ఆ చూపు పోలేదు.

"చెవులకేమైంది అల్లుడుగారూ?" అన్నాను.

వివేక్ చెయ్యి చటుక్కున చెవి మీదికి పోయింది. "ఏం లేదు మావయ్యగారూ. చిన్న ట్రీట్‌మెంట్."

"వినపడ్డం లేదా?"

వంటింట్లోంచి మా అమ్మాయి వసుంధర గొంతు ఖంగుమంది. "వినిపిస్తుంది నాన్నగారూ. అది తాగుడుకి."

వివేక్ తలొంచుకుని బూట్లు విప్పుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గొంతులో పోసుకునే దానికి చెవిలో వైద్యమేమిటి?

అది తొంభైతొమ్మిది కార్తీకమాసం. ఏడాది మారగానే కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని లోకమంతా గగ్గోలు పెడుతున్న రోజులు. ఆ గగ్గోలు పుణ్యమా అని మన కుర్రాళ్ళకు దేశదేశాల్లో ఉద్యోగాలొచ్చాయి. వివేక్ షెంటన్ వే లో ఒక బ్యాంకుకి పాత ప్రోగ్రాములు సరిచేసే పనిలో ఉన్నాడు. యీషున్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకున్నారు. కాకినాడలో మేం అల్లుడు సింగపూర్‌లో ఉన్నాడని నలుగురికీ చెప్పుకునేవాళ్ళం. అంతా బాగానే ఉందని అనుకోలేదు, అనుకోవాలని చూశాం.

అలా ఉండగా ఒకరోజు అమ్మాయి ఫోన్ చేసింది. మా మనవరాలు తన్మయిని వివేక్ ఈతకు తీసుకెళ్ళాడట. దాన్ని కొలను దగ్గర వదిలి, బీరు కూడా అమ్మే కాఫీషాపులో గ్లాసు ముందు కూర్చుని పిల్ల సంగతే మరిచిపోయాడట. అది తడి బట్టలతో ఒక్కర్తీ పెద్దరోడ్డు దాటుకుని ఇంటికొచ్చింది. ఏడేళ్ళ పిల్ల. "నాన్నగారూ, ఒకసారి రాగలరా?" అంది అమ్మాయి. అంతకుమించి ఏమీ అనలేదు. నేను వచ్చాను. జనవరి మొదటివారంలో తిరుగు ప్రయాణానికి నాకొక టికెట్టు, అమ్మాయికీ తన్మయికీ రెండు టికెట్లు తీసుకునే వచ్చాను. ఇక్కడ బడులు నవంబరులో మూసి జనవరిలో తెరుస్తారు. పిల్ల కొత్త క్లాసు ఇక్కడా, కాకినాడలోనా అన్నది ఆలోగా తేలాలి. టికెట్ల సంగతి అమ్మాయికి తెలుసు. అల్లుడికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు.

మర్నాడు వివేక్ ఆఫీసుకి వెళ్ళగానే పని మొదలుపెట్టాను. ఫ్లష్ ట్యాంకు మూత తీశాను. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. స్టోర్ రూములో పాత కంప్యూటరు పెట్టెలన్నీ దులిపాను. దేవుడి గూట్లో పంచపాత్ర కూడా వాసన చూశాను, స్వామి క్షమించుగాక. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరకకపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది. తాగేవాడి ఇంట్లో ఏమీ దొరకలేదంటే వాడు తాగడం లేదని కాదు, తెలివిమీరాడని అర్థం. అప్పుడు వంటింటి గోడకున్న చిన్న ఇనప తలుపు కనబడింది. తెరిస్తే గొట్టం. చెత్త అందులో వేస్తే అన్ని అంతస్తులూ దాటి కిందికి పోతుందట.  సాక్ష్యాన్ని నిమిషంలో మాయం చెయ్యడానికి ప్రతి ఇంటికీ ప్రభుత్వమే గొట్టం కట్టించి ఇచ్చిన దేశంలో, ఇక ఎక్సైజ్‌వాడు బతికేదెలా?

కిందికి దిగి ఆ గొట్టం కొస ఎక్కడుందో వెతుకుతుంటే వెనకనుంచి తెలుగు వినిపించింది.

"సుమ్మా, ఊరికే నడుస్తున్నారా అన్నయ్యా, ఏదైనా పోయిందా?"

ఆవిడ వరలక్ష్మమ్మ, కింది అంతస్తులో ఉంటుంది. వాళ్ళ తాతలు విశాఖ వైపునుంచి ఓడలో వచ్చి ఇక్కడి నేవల్ బేస్‌లో కూలికి కుదిరారట. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగులో సగం తమిళం, పావు మలయు కలిపి, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి మాట్లాడుతుంది. అల్లుడికి ఆ చెవుల వైద్యం చూపించింది ఈవిడేనని అమ్మాయి చెప్పింది. సూటిగా అడిగేశాను.

"ఏమ్మా, ఆ చెవుల డాక్టరు మీకు చుట్టమా?"

"చీనావాళ్ళు నాకెలా చుట్టమవుతారు లా!" అని పకపకా నవ్వింది. "మా చిన్నోడు అక్కడ సిగరెట్టు మానాడు. అందుకే చెప్పాను. పిల్ల ఒక్కర్తీ వచ్చిన రోజు మీ అమ్మాయి ఈ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. నాకు తెలిసింది ఒక్కటే, చెప్పాను. మా ఆయన కాలంలో ఇది తెలీదు. తాగి తాగి పోయాడు."

"మరి పనిచేస్తుందంటారా?"

"మా చిన్నోడికి చేసింది. నీ అల్లుడికి నేనెలా చెప్పగలను? మకాన్ అయ్యిందా, తిన్నారా? రండి, టీ తాగుదురు గాని."

టీ తాగాను. మనిషి మంచిదే. అయినా మంచివాళ్ళు మోసపోవడం నేను చూడనిది కాదు.

ఆ వైద్యం సంగతి అమ్మాయి చేత పూర్తిగా చెప్పించాను. ముందు ఆస్పత్రి డాక్టరు దగ్గరకు వెళ్ళి రమ్మంది ఆ చీనా వైద్యురాలు. బాగా అలవాటైనవాడు ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు వణికి ప్రాణం మీదికి రావచ్చట. ఆయన ఇచ్చిన మందులు వాడి కుదుటపడ్డాకే సూదులు మొదలుపెట్టింది. ఒక్కో చెవికి అయిదేసి సన్నటి సూదులు గుచ్చి కూర్చోబెడుతుంది. తీసేశాక ఆవాలంత గింజలు చెవులకు అంటిస్తుంది. తాగాలనిపించినప్పుడు ఆ గింజను వేలితో నొక్కుకోవాలట.

"నొక్కితే?"

"కాస్త తగ్గుతుందట."

"నువ్వు నమ్ముతున్నావా అమ్మా?"

అమ్మాయి గిన్నె తోముతూనే ఉంది. "వెళ్ళిన రోజు తాగి రాలేదు నాన్నగారూ. అది చూశాను. మిగతాది తెలీదు."

ఆ రోజునుంచి అల్లుడు ఇంట్లో అడుగుపెట్టగానే నేను లేచి ఎదురెళ్ళడం మొదలుపెట్టాను. సంచీ అందుకుంటాను, గొడుగు అందుకుంటాను, ఆ సాకుతో దగ్గరికి వెళ్ళి గట్టిగా ఊపిరి పీలుస్తాను. ఒకనాడు తన్మయి సోఫాలోంచే అరిచింది. "తాతా, వై యూ ఆల్వేస్ స్మెల్ డాడీ? డాడీ ఈజ్ నాట్ ఎ ఫ్లవర్ లా!" వివేక్ చెవులతో సహా ఎర్రబడ్డాడు. నేను గొడుగు ఆరబెట్టే మిషతో బాల్కనీలోకి తప్పుకున్నాను.

అయితే నా దగ్గర వేరే మందు ఉంది. కాకినాడనుంచి వచ్చేటప్పుడే తులసిమాల తెచ్చుకున్నాను. నేను గురుస్వామిని. ఎన్నో ఏళ్ళుగా అయ్యప్ప కొండకు వెళ్తున్నాను, మా వీధిలో సగంమందికి దీక్ష ఇచ్చింది ఈ చేతులే. మన వైపు తాగుబోతు ఇంట్లో ఆడవాళ్ళు కార్తీకం కోసం ఎందుకు ఎదురుచూస్తారో తెలియనివారు లేరు. నల్లబట్టలు కట్టి మెడలో మాల వేస్తే, ముందురోజు కాలవగట్టున దొర్లినవాడు కూడా తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం చేసి శరణుఘోష చెబుతాడు. వివేక్ హైదరాబాదులో ఉన్నప్పుడు మూడు కార్తీకాలు నా చేతుల మీదుగానే మాల వేసుకున్నాడు. ఆ మండలం రోజులూ చుక్క ముట్టలేదు. ఇంటిల్లిపాదీ ఆయన్ని స్వామీ అని పిలిచాం. కన్నకూతురి మొగుడైనా సరే, నేను వంగి పాదాలకు దణ్ణం పెట్టాను. మాల తీశాక మళ్ళీ మామూలే, కాదనను. కానీ ఏడాదిలో ఆ కొన్నాళ్ళైనా మా అమ్మాయి ముఖాన నవ్వు కనిపించేది.

ఆదివారం ఇడ్లీలు తింటున్నప్పుడు మాట కదిపాను. "అల్లుడుగారూ, యీషున్ దగ్గర గుడిలో అయ్యప్ప సన్నిధానం ఉందట. మాల నా దగ్గరుంది. మీ ఆఫీసుకి ఇబ్బందైతే చొక్కా లోపల వేసుకోవచ్చు. రేపు మంచిరోజు."

అమ్మాయి ముఖం విప్పారింది. వివేక్ ఇడ్లీ ముక్క చట్నీలో అద్ది అలాగే ఉండిపోయాడు.

"వద్దు మావయ్యగారూ."

"వద్దా?"

"ఈసారి వద్దు."

"ఎందుకు వద్దండీ?" అంది అమ్మాయి.

ఆయన ముక్క నోట్లో పెట్టుకుని, లేచి చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయాడు. అమ్మాయి చేతిలో గరిటె అలాగే ఉంది. దాని కళ్ళల్లో నేను చూసింది ఇప్పటికీ మరిచిపోలేదు. అంతవరకు ఏదో కొంచెం ఆశ పెట్టుకుంది, అది పోయింది. మా వాళ్ళలో ఎవరినైనా అడగండి, మాల వద్దన్నాడంటే దానికి ఒకటే అర్థం. తాగడం మానేవాడు మాలకు భయపడడు. తాగేవాడే భయపడతాడు, మెడలో స్వామిని పెట్టుకుని అపచారం చెయ్యలేడు కనుక.

"తేలిపోయింది కదమ్మా," అన్నాను మెల్లిగా. "ఆ చెవుల నాటకం మన కళ్ళల్లో దుమ్ము కొట్టడానికి. సామాను సర్దుకోవడం మొదలుపెట్టు."

"జనవరి దాకా చూద్దాం నాన్నగారూ," అంది. కానీ ఆ గొంతులో పస లేదు. ఆ మధ్యాహ్నమే తన్మయి పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టడం చూశాను.

మా శాఖలో ఒక పద్ధతి ఉండేది. దుకాణంలో కల్తీ జరుగుతోందని అనుమానం వస్తే యూనిఫారం వేసుకుని వెళ్ళం. లుంగీ కట్టినవాణ్ణి కొనుగోలుకి పంపిస్తాం. నేను లుంగీ కట్టలేదు కానీ ప్యాంటు మోకాలిదాకా మడిచి, కుంటుకుంటూ ఆ సూదుల క్లినిక్‌కి బయలుదేరాను. నా మోకాలికి నొప్పి ఉన్నమాట నిజమే, కాస్త ఎక్కువచేసి కుంటానంతే. వివేక్ ఆఫీసునుంచి తిన్నగా అక్కడికి వెళ్ళే రోజది. వెళ్తున్నాడో, ఆ పేరు చెప్పి ఇంకెక్కడికైనా వెళ్తున్నాడో తేల్చుకోవాలి.

క్లినిక్ మరో బ్లాకు కింద, చేపల దుకాణం పక్కన. లోపల గోడనిండా చెక్క సొరుగులు, ఎండు వేళ్ళ వాసన. ఆ వైద్యురాలు మేడమ్ గోహ్ నా వయసు మనిషే, పొట్టిగా, కళ్ళజోడు నుదుటికెక్కించుకుని ఉంది. నా మోకాలు అటూ ఇటూ వంచి చూసి లోపలి గదిలో కుర్చీ చూపించింది. లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురైదుగురు వరసగా కూర్చుని ఉన్నారు. టాక్సీ డ్రైవరు కాబోలు, యూనిఫారంలో ఒక ముసలాయన. మన తమిళ కుర్రాడొకడు, కాళ్ళకు పని దగ్గర అంటిన సిమెంటు. చివర్న టై వదులు చేసుకుని, కళ్ళు మూసుకుని మా అల్లుడు. అందరి చెవులకూ సూదులు మెరుస్తున్నాయి. ఒక్కరూ మాట్లాడటం లేదు.

నన్ను తెచ్చి సరిగ్గా ఆయన పక్క కుర్చీలోనే కూలేసింది ఆవిడ. ఏమనేలోగా మోకాలి చుట్టూ సూదులు దింపేసింది. "డోంట్ మూవ్ ఆ," అంది. ఆ చప్పుడుకి వివేక్ కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. నా మోకాలు చూశాడు. తేలు కుట్టిన దొంగలా నోరుమూసుకుని కూర్చున్నాను. లేచి పారిపోదామంటే కాలు కదపడానికి లేదు. తల తిప్పుకుందామంటే ఆయనకు చెవులు కదపడానికి లేదు.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఆవిణ్ణే అడిగాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఈ సూదులతో తాగుడు పోతుందా, నిజం చెప్పమన్నాను.

"కొందరికి పోతుంది, కొందరికి పోదు," అంది ఆవిడ తన ఇంగ్లీషులో, దూది నలుపుతూ. "పెద్దాస్పత్రి డాక్టర్లు ఇదంతా మనసు సర్దుకోవడమే అంటారు. కావచ్చు. నాకు తెలీదు. సూదులున్నంతసేపు మనిషి ఇక్కడ కూర్చుంటాడు, షాపుకి వెళ్ళడు. అంతవరకు గ్యారంటీ లా."

నాకు అనుమానం ఇంకా పెరిగింది. తన సరుకు గురించి తనే తగ్గించి చెప్పే వ్యాపారిని నా సర్వీసులో చూడలేదు. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాను. ఆవిడ బయటికి వెళ్ళిపోయింది.

కాసేపటికి వివేక్ మెల్లిగా అన్నాడు. "నేను వస్తున్నానో లేదో చూడ్డానికొచ్చారు కదా మావయ్యగారూ."

"మోకాలు నొప్పి."

"సరే." ఆయన ఎదురుగోడనే చూస్తున్నాడు. "మాల సంగతి ఆవేళ చెప్పలేకపోయాను. వసూ ముందు చెప్పలేక కాదు, మీ ముందు. మీరు గురుస్వామి."

"చెప్పండి, ఇప్పుడెటూ లేవలేను."

"మాలలో ఉంటే నేను తాగను. అది నాకూ తెలుసు, మీకూ తెలుసు. స్వామి భయం. కానీ తీసే రోజు ఎప్పుడో ముందే తెలుసు కదండీ. వేసుకున్న రోజునుంచి ఆ రోజు కోసమే చూసేవాణ్ణి. పోయినసారి ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండెక్కుతున్నాను. మీరు ముందు శరణం చెప్తున్నారు, నేను వెనక చెప్తున్నాను. చెప్తూ నేను ఆలోచిస్తున్నది దిగాక స్టేషను దగ్గర ఏ షాపు తెరిచుంటుందా అని. ఈసారి కూడా వేసుకుంటే జనవరి దాకా బాగానే ఉంటాను. మీరందరూ సంతోషిస్తారు. వసూ ఉండిపోతుంది. తర్వాత మాల తీస్తాను. అలా మోసం చెయ్యడం నాకిష్టం లేదు."

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఆ కొండ మీద ఆయన గొంతు నా వెనకే ఖణేల్మని వినిపిస్తుంటే ఎంత పొంగిపోయానో నాకే తెలుసు. ఆ కాళ్ళకు నేను దణ్ణం పెట్టాను. "సూదులకు మాత్రం చివరిరోజు ఉండదా?" అన్నాను.

"ఆవిడ ఇంకా చెప్పలేదు," అన్నాడు.

ఇంటికి ఇద్దరం వానలో ఒకే గొడుగు కింద నడిచి వచ్చాం.  నా మనసు రెండుగా చీలిపోయింది. ఒక సగం ఇతను నిజం చెప్పాడంది. రెండో సగం, సర్వీసంతా నాకు అన్నం పెట్టిన సగం, తాగేవాళ్ళంత మాటకారులు లోకంలో ఉండరని గుర్తుచేసింది. సారాబట్టీ దగ్గర దొరికిపోయి నా కాళ్ళు పట్టుకుని పిల్లల మీద ఒట్లు వేసినవాళ్ళను ఎంతమందిని చూడలేదు! ఆ మాటలు అమ్మాయికి చెప్పాను, దాచలేదు.  "మరి అప్పుడెందుకు చెప్పలేదు? కొండ దిగినప్పుడు?" అంది.  పుస్తకాల పెట్టె మాత్రం అది విప్పలేదు.

డిసెంబరంతా వానలే. మోకాలు తేలికపడింది. తేలికపడలేదని చెప్పి ఇంకా కొన్నిసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ చివరి కుర్చీలో వివేక్ ఉన్నాడు. తమిళ కుర్రాడు ఒకరోజు రాలేదు, ఆ తర్వాత మళ్ళీ కనబడలేదు. ఏమయ్యాడని అడిగితే మేడమ్ గోహ్ పెదవి విరిచింది. ఇంట్లో ఒక్కోసారి అన్నం తింటూనే వివేక్ వేలు చెవి మీదికి పోయేది. గట్టిగా నొక్కుకునేవాడు, గోరు తెల్లబడేదాకా. అప్పుడు మేం ముగ్గురం పళ్ళేల్లోకి చూసుకుంటూ తినేవాళ్ళం. ఆ గింజను నొక్కినందుకు తగ్గేదో, మేం చూస్తున్నామని సిగ్గుపడి తగ్గేదో, నాకు తెలియదు.

అసలు పరీక్ష ముందుందని అమ్మాయీ నేనూ అనుకుంటూనే ఉన్నాం. ఏడాది మారేనాడు బ్యాంకులో అందరూ కంప్యూటర్ల ముందు కాపలా కూర్చోవాలి. ఏ గండం లేకుండా గడిచిందంటే సంబరం చేసుకుంటారు. సంబరమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. "ఆ రోజు గడిచాక చెప్తాను నాన్నగారూ, వస్తానో ఉంటానో," అంది అమ్మాయి. నేను సరేనన్నాను. మాకు ఆలోచించుకోవడానికి ఇక ఏమీ మిగలలేదు.

వానలో తిరిగి తిరిగి నాకు పడిశం పట్టింది ఆ చివరి వారంలోనే. ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది. కాఫీ వాసన కూడా తెలియడం లేదు. డ్యూటీకి వెళ్ళేముందు వివేక్ నాకు బామ్ డబ్బా తెచ్చిచ్చాడు. "ఇప్పుడు నన్ను ఎలా పట్టుకుంటారు మావయ్యగారూ?" అని నవ్వాడు. ఆ వేళాకోళం నాకు రుచించలేదు.

కొత్త సంవత్సరం పొద్దున్న లోకం ఎక్కడికీ పోలేదు. టీవీలో అన్ని దేశాలవాళ్ళూ గంతులేస్తున్నారు. తన్మయి టీవీ ముందు పాలు తాగుతోంది. అమ్మాయి ఇస్త్రీ చేస్తోంది. బాగా పొద్దెక్కాక తలుపు తీసుకుని వివేక్ లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేక కావచ్చు. నడక సవ్యంగానే ఉంది. నేను అలవాటు కొద్దీ లేచి ఎదురెళ్ళాను, సంచీ అందుకున్నాను, ఊపిరి పీల్చాను. ఏమీ తెలియలేదు. ముక్కు ఉంటే కదా. ఆయన నన్ను దాటి చూశాడు.

"వసూ, తాగాను," అన్నాడు.

ఇస్త్రీపెట్టె ఆగింది.

"అంతా బాగుందని తేలాక మేనేజరు గ్లాసు చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. రెండోది నేనే పోసుకున్నాను. తర్వాత బయటికొచ్చి ట్రైనెక్కేశాను."

నాలో ఏదో భగ్గుమంది. "చాలు. ఇంక నువ్వు నోరు విప్పకు," అన్నాను. అల్లుణ్ణి నువ్వు అనడం అదే మొదలు. "విన్నావుగా అమ్మా. లేచి బట్టలు సర్దు. రేపెల్లుండి కాదు, ఇప్పుడే సర్దు."

అమ్మాయి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్ కట్టేసింది. మొగుడి ముఖంలోకే చూస్తోంది.

"నాన్నగారికి పడిశం," అంది. "వాసన తెలీదు. ఆ సంగతి మీకు తెలుసు."

"తెలుసు."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

"మరి?"

"చెప్పకపోతే సాయంత్రం మళ్ళీ తాగుతాను వసూ. నాకు తెలుసు." ఆయన ఇంకా బూట్లతోనే నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

అమ్మాయి గదిలోకి వెళ్ళింది. పెట్టె దించుతున్న చప్పుడు కోసం చెవులు రిక్కించాను. బీరువా తలుపు మూసిన చప్పుడైంది. బయటికొచ్చేసరికి చీర మార్చుకుని చేతిలో గొడుగుతో ఉంది.

"పదండి," అంది ఆయనతో.

"ఎక్కడికి?"

"మేడమ్ గోహ్ దగ్గరికి."

"ఇవాళ సెలవు. మూసి ఉంటుంది."

"మూసి ఉంటే బయట కూర్చుందాం."

నేను అడ్డం వెళ్ళాను. "అమ్మా, ఇంకా ఇతన్ని నమ్ముతున్నావా?"

"లేదు నాన్నగారూ." నా ముఖంలోకి చూసే చెప్పింది. "నమ్మడం లేదు. కానీ పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను పట్టుకోకుండా ఆయనంతట ఆయన చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పినన్నాళ్ళు ఉంటాను. చెప్పడం మానేసిన రోజు నేనే మీకు ఫోన్ చేస్తాను. మీరు టికెట్టు తీసుకుని రానక్కర్లేదు, నేనే వచ్చేస్తాను."

ఇద్దరూ వెళ్ళిపోయారు. తన్మయి నా పక్కకొచ్చి నిలబడింది. "దే గో వేర్, తాతా?" అని అడిగింది. కూర్చోడానికి వెళ్ళారని చెప్పాను. బాల్కనీలోంచి చూస్తే బ్లాకు కింద నడుస్తూ కనిపించారు. మధ్యలో మూరెడు ఎడం ఉంది. గొడుగు అమ్మాయి చేతిలోనే ఉంది, వాన లేదు.

నా సర్వీసులో కేసులు పెట్టాను, బట్టీలు పగలగొట్టాను, లారీలు ఆపాను. ఏ ఒక్కడూ నేను పట్టుకోకముందే వచ్చి నాకు చెప్పలేదు. ఈ సంగతి ఆ బాల్కనీలో నిలబడ్డాకే తట్టింది. తట్టినంత మాత్రాన నా అనుమానం పోలేదు.

విమానంలో ఒక్కణ్ణే వచ్చాను. తన్మయి ఆ జనవరిలో యీషున్ బడిలోనే పై క్లాసుకి వెళ్ళింది. మా ఆవిడ ఎయిర్‌పోర్టులో నా వెనకాల ఎవరూ లేకపోవడం చూసి గొల్లుమంది. జరిగినదంతా చెబితే, "అయితే సూదులు పనిచేశాయంటారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆ సూదులో, ఆ కుర్చీయో, నా కూతురో, పనిచేసింది ఏదో నేను తేల్చలేను. ఆ తర్వాత అల్లుడు రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తనే ఇంటికొచ్చి చెప్పాడట, తనే వెళ్ళి కూర్చున్నాడట.

ప్రతి ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. మామూలుగా మాట్లాడుకుంటాం. కానీ వారం మధ్యలో, వేళ కాని వేళలో ఫోను మోగితే నేను తియ్యను. తీసుకోవడానికి మా ఆవిణ్ణి పంపించి, గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ ముఖం చూస్తూ ఉంటాను. ఇంతవరకు ఆ ఫోను అమ్మాయిది కాదు.